తరగతి గదుల్లో కుర్చీలు లేని ఏడాది

ప్రైవేటు బడిలో పనిచేసినవాడికి రిటైర్మెంట్ అని ఒక తేదీ ఉండదు. శాలువా ఉండదు, సభ ఉండదు. ఒక జూన్‌లో పిలుపు రాదు, లేదా పిలుపు వచ్చినా మనమే పోము. నేను రెండో రకం. ఆర్మూర్‌లో మార్కెట్ యార్డుకు దగ్గరగా ఉన్న ఒక హైస్కూల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి, నడుము సహకరించక, అరవై రాకముందే మానేశాను. మా దగ్గర చదువుకుని ఇప్పుడు టీచర్లయిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. మొన్న ఒక అమ్మాయి అడిగింది, "సార్, క్లాసుల కూసొని చెప్తే ఏమన్న అంటరా?" అని. ప్రశ్న చిన్నదే. జవాబుగా నేను చెప్పిన సంగతి పొడుగైంది. అది మిగతావాళ్లకు కూడా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ముందుగా నా గురించి ఒక మాట. నాకు లెక్కలు చెప్పిన గురువు లేడు. ఇంటర్‌లో లెక్కల్లోనే తప్పాను. ఆ ఉడుకుమోత్తనంతో పాత గైడ్లు ముందేసుకుని, జవాబు చూసి వెనక్కి నడుచుకుంటూ ఒక్కడినే నేర్చుకున్నాను. డిగ్రీ ఎప్పుడో తర్వాత దూరవిద్యలో వచ్చింది. అలా నేర్చుకున్నవాడికి ఒక గుణం వస్తుంది. ఏ సంగతైనా గళ్లుగా గీసి, అంకెల్లో పెట్టుకుంటే తప్ప అర్థమైనట్టు అనిపించదు. అందుకే మా బడిలో టైంటేబుల్ వేసే పని నా మీద పడింది. ఏ టీచర్ ఏ పీరియడ్‌లో ఏ క్లాసులో ఉండాలి, ఎవరికి ఎప్పుడు ఖాళీ, ఇదంతా నేనే గళ్లు గీసి నింపేవాడిని. ఖాళీ పీరియడ్‌ను లీజర్ అనేవాళ్లం. రోజుకు ఎనిమిది పీరియడ్లయితే ఒక్కొక్కరికి ఒకటో రెండో లీజర్లు దొరికేవి.

మా బడి రెండంతస్తుల బిల్డింగు. గదుల వరస ముందు వరండా, వరండా వైపు పెద్ద కిటికీలు. పసుపు సీజన్‌లో ఆ కిటికీలకు ఒక పని పడేది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు యార్డుకు పసుపు తెచ్చేవాళ్లు. కుప్ప పోసిన తర్వాత బేరం కుదిరేదాకా చేసే పని ఉండదు. ఆ మధ్యలో బడికొచ్చి కిటికీలోంచి తమ పిల్లలు ఏం చేస్తున్నారో చూసిపోయేవాళ్లు. ఎవరినీ అడిగేది లేదు. ఊచలు పట్టుకుని కాసేపు నిలబడి, తృప్తిగా వెళ్లిపోయేవాళ్లు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా కిటికీ ఊచలన్నీ పచ్చగా ఉండేవి. ఆయమ్మ తడిగుడ్డతో తుడిచీ తుడిచీ విసిగిపోయి చివరికి వదిలేసేది.

ఒక సీజన్‌లో అలా వచ్చిన ఆలూర్ రైతు ఒకాయనకు కిటికీలోంచి మా హిందీ సారు కనబడ్డాడు. కుర్చీలో ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆని ఉంది. పిల్లలు నిశ్శబ్దంగా రాసుకుంటున్నారు. నిజానికి అది పరీక్ష, సారు నిద్రపోయింది రెండు మూడు నిమిషాలే. కానీ ఆ రైతు ఆఫీసుకు పోయి, నాట్లు వేసేటోళ్లు కూసొని వేస్తారా, మరి గీయన కూసొని ఏం చదువు చెప్తుండని అడిగాడట. కోపంగా కాదట, నిజంగానే తెలుసుకుందామన్నట్టు. మా కరస్పాండెంట్ సారుకు ఆ మాట గుచ్చుకుంది. బడి యజమాని ఆయనే, ప్రిన్సిపాల్ ఆయనే. ఒక్క గదిలో ట్యూషన్లు చెప్పుకుంటూ బడి దాకా వచ్చిన మనిషి. వచ్చే జూన్‌లో మేము బడికి వెళ్లేసరికి తరగతి గదుల్లో ఒక్క కుర్చీ లేదు. అన్నీ మెట్ల కింది గదిలో పెట్టి తాళం వేశారు. టీచర్ నిలబడితేనే క్లాసు నడుస్తున్నట్టు లెక్క అన్నారు సారు.

హిందీ సారు తన మీదికి వచ్చిన ఈ కీర్తిని బాగానే మోశాడు. "నేను రెండు నిమిషాలు పండుకుంటే అందరి కుర్చీలు పోయినయి. గంట పండుకుంటే బిల్డింగే పోతుండె" అనేవాడు. మొదట్లో అందరం నవ్వాం. ఎక్కువమంది పాతికేళ్ల వాళ్లు, బి.ఇడి. అయిపోయి కొత్తగా వచ్చినవాళ్లు. వాళ్లకు కుర్చీ ఉన్నా లేకున్నా ఒకటే.

తెలుగు మేడంకు మాత్రం ఒకటి కాదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆమె మా అందరిలో పెద్దవారు. వయసెంతో ఎవరికీ చెప్పేవారు కాదు, ఎవరం అడిగేవాళ్లం కాదు. ఆర్మూర్‌లోనే ఒక క్రైస్తవ కుటుంబం. భర్త లారీ మీద పోయేవాడు, ఆరోగ్యం బాగలేక ఆ పని మానేశాడు. చిన్న కూతురు నిజామాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. ఇల్లు మేడం జీతం మీద నడుస్తోంది. పాఠం చెబితే పక్క గదిలో నా పిల్లలు కూడా లెక్క ఆపి వినేవాళ్లు. మా రెండు గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ పార్టిషనే కాబట్టి ఆమె పాఠాలన్నీ నేనూ విన్నాను.

జూలైలో ఆమె చీర కింద మందపాటి సాక్సులు వేసుకుని రావడం మొదలుపెట్టారు. హిందీ సారు ఊరుకుంటాడా? గీ ఉక్కపోతల సాక్సులేంది మేడం, చలి పెడుతుందా అన్నాడు. "మీకు నిద్ర వచ్చినట్టు నాకు చలి వస్తది సార్" అన్నారామె. స్టాఫ్ రూం అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం డస్టర్ మరిచిపోయి ఖాళీ క్లాసులోకి వెళ్తే, మేడం ఒక బెంచీ మీద కూర్చుని ఎదుటి బెంచీ మీద కాళ్లు చాపుకుని ఉన్నారు. సాక్సులు తీసి పక్కన పెట్టారు. పిక్కల మీద నరాలు నీలంగా, తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. మడమల దగ్గర చర్మం నల్లబడింది. నన్ను చూసి గబగబా చీర సర్దుకున్నారు. నేను వెనక్కి తిరగబోతే ఆమే పిలిచి చెప్పారు. నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించుకున్నారట. ఎక్కువసేపు నిలబడొద్దన్నాడట. నిలబడితే పుండ్లు పడతాయి, తర్వాత మానవు అన్నాడట.

కరస్పాండెంట్ సారుకు చెబుదామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"కాళ్లు పనిచేస్తలేవని తెలిస్తే జూన్ల నన్ను పిలుస్తరా సార్? బిడ్డ చదువు ఇంక రెండేండ్లుంది. మీరు ఎవలకు చెప్పొద్దు."

ఆమె ఇరుక్కున్న చోటు నాకప్పుడు అర్థమైంది. కుర్చీ అడగాలంటే జబ్బు చెప్పాలి. జబ్బు చెబితే ఉద్యోగం పోవచ్చు. అడగకపోతే కాళ్లు పోతాయి.

నాకు తెలిసిన సాయం ఒక్కటే, గళ్లు గీయడం. సిలబస్ వెనకబడిందని సాకు చెప్పి ఆగస్టులో టైంటేబుల్ మొత్తం తిరగరాశాను. తొమ్మిది, పది క్లాసులకు తప్ప తెలుగు భారం వేరే వాళ్లకు సర్ది, మేడంకు ఒక పీరియడ్ క్లాసు, ఒక పీరియడ్ లీజర్ వచ్చేలా వేశాను. నలభై నిమిషాలు నిలబడితే నలభై నిమిషాలు స్టాఫ్ రూంలో కూర్చోవచ్చు. అంత పొందికైన టైంటేబుల్ నేను ముందూ వేయలేదు, తర్వాతా వేయలేదు. నీట్‌గా రాసి ఆఫీసు గోడకు అంటించి, కాసేపు నిలబడి చూసుకున్నాను.

అది విషజ్వరాల కాలం. రోజూ ఎవరో ఒక టీచర్ రాకపోయేవారు. రాని టీచర్ క్లాసుకు ఎవరినో పంపాలి కదా. కరస్పాండెంట్ సారు గోడ మీద టైంటేబుల్ దగ్గరకొచ్చి, ఈ పీరియడ్‌లో ఎవరు ఖాళీ అని వేలు పెట్టి చూసేవారు. వేలు ఎప్పుడు పెట్టినా ఆ వరసలో తెలుగు మేడం ఖాళీ. మిగతావాళ్లకు లీజర్లు ఒకటో రెండో, ఏదో మూల ఉంటాయి. మేడంకు పొద్దున ఉంది, మధ్యాహ్నం ఉంది, సాయంత్రం ఉంది. రెండు వారాల్లో ఆమె ఎనిమిది పీరియడ్లకు ఎనిమిదీ నిలబడటం మొదలైంది. సగం తన క్లాసుల్లో, సగం జ్వరం వచ్చినవాళ్ల క్లాసుల్లో.

ఒకరోజు మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని దిగుతూ నన్ను ఆపారు. "సార్, నిజం చెప్పుండ్రి. మీరు నాకు సాయం చేసిండ్రా, ఏదన్న పగ తీర్చుకున్నరా?"

నవ్వుతూనే అడిగారు. ఆ రాత్రే పాత టైంటేబుల్ బయటికి తీశాను.

దసరా ముందు స్టాఫ్ మీటింగ్‌లో హిందీ సారు లేచి, కుర్చీల సంగతి ఒకసారి ఆలోచించాలని అడిగాడు. అతనికి మేడం సంగతి తెలియదు. తన వల్ల పోయిన కుర్చీలు తన వల్లే రావాలని అతని పట్టుదల. కరస్పాండెంట్ సారు సౌమ్యంగానే విన్నారు. ట్యూషన్లు చెప్పిన రోజుల్లో పదేళ్లు పొద్దున్నుంచి నిలబడే చెప్పానని, తన కాళ్లకేమీ కాలేదని అన్నారు. ఆ తర్వాత అడిగారు, "సరే, నిలబడి చెప్పుడు ఎవలకు కష్టమైతుందో చెయ్యెత్తుండ్రి. వాళ్లకు ఇస్త."

ఒక్క చెయ్యి లేవలేదు. కొత్తవాళ్లకు కష్టం లేదు. నాకు అప్పటికే నడుము నొప్పి మొదలైంది. చెయ్యి ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నాను. మేడం కిటికీ వైపు చూస్తున్నారు. హిందీ సారు తన చెయ్యి సగం ఎత్తి, అందరూ నవ్వితే దించేశాడు. మీలో ఎవరైనా ఎప్పుడైనా మేనేజ్‌మెంట్ చేస్తే ఈ పద్ధతిని గమనించండి. ఎవరికి ఇబ్బంది అని అందరి ముందు అడిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

దసరా సెలవుల తర్వాత మేడం తన దారి తాను వెతుక్కున్నారు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి, ముందురోజు చెప్పిన పద్యానికి అర్థం నువ్వే చెప్పమని, తాను పోయి ఆఖరి బెంచీలో ఆడపిల్లల పక్కన కూర్చునేవారు. పిల్ల తప్పు చెబితే అక్కడినుంచే దిద్దేవారు. సగం పీరియడ్ అలా, సగం పీరియడ్ నిలబడి కొత్త పాఠం. మొదట్లో కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు కరస్పాండెంట్ సారు వరండాలోకి వస్తుంటే మెల్లగా చెప్పేవాళ్లు, మేడం లేచి నిలబడేవారు. పది రోజులు కాకముందే దాన్ని ఆమే మాన్పించారు. "పిల్లలతోని కావలి కాయించుడు బాగలేదు సార్. దొరికితే దొరుకుత" అన్నారు నాతో.

నాలుగు నెలలు దొరకలేదు. మార్చిలో దొరికారు.

మార్చి అంటే యార్డు నిండుగా ఉండే రోజులు, వచ్చే ఏటి అడ్మిషన్లు మొదలయ్యే రోజులు కూడా. కరస్పాండెంట్ సారు ఏటా స్వయంగా యార్డుకు పోయి, బేరం కోసం ఎదురుచూస్తున్న రైతులతో మాట్లాడి, టీ తాగించి, బడి చూద్దురు రండని తీసుకొచ్చేవారు. ఆ రోజు అయిదారుగురిని తెచ్చారు. నేను పదో తరగతిలో ఉన్నాను. వరండాలో చెప్పుల చప్పుడు, సారు గొంతు వినిపించాయి. పార్టిషన్ అవతల తొమ్మిదో తరగతిలో మెండోర నుంచి వచ్చే అమ్మాయి ఒకతి బోర్డు దగ్గర పద్యానికి అర్థం చెబుతోంది. నేను బోర్డు మీద సుద్దముక్క అలాగే పెట్టి ఆగిపోయాను.

పద్యంలో సంగతి, పైకి ఒకటి చూపి లోపల ఒకటి ఉంచుకునే మనుషుల గురించి. పిల్లకు పుస్తకంలో అర్థం చాలలేదేమో, సొంత ఉదాహరణ ఎత్తుకుంది. "ఎట్లంటే, పసుపు సంచిల మంచి కొమ్ములు పైన పోసి, పుచ్చినయి అడుగున పోస్తరు సూడు, గట్ల. కొనెటోడు పైన చెయ్యి పెట్టి సూస్తడు. మనం ఏం అనకుంట నిలబడుతం."

క్లాసు గొల్లుమంది. వరండాలో అంతకన్నా పెద్ద నవ్వు లేచింది. ఒక రైతు గొంతు, "గిది నీ ముచ్చటే చెప్తుందిరా, నీ బిడ్డే గదా." ఇంకో గొంతు సిగ్గుపడుతూ, "ఇంట్ల అనుకునేటియన్ని ఇంటది, ఏం జెయ్యాలె."

ఆ నవ్వుల మధ్య కరస్పాండెంట్ సారు గొంతు వినబడింది. "మేడం ఏరి?"

ఇక ఆగలేక నేను వరండాలోకి వచ్చాను. కిటికీలోంచి చూస్తే మేడం ఆఖరి బెంచీలో ఉన్నారు. లేవడానికి చెయ్యి బెంచీ మీద ఆనించారు కానీ వెంటనే లేవలేకపోయారు. పక్కనున్న పిల్ల మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు లేచి నిలబడ్డారు. సారు ముఖంలో రంగు మారింది. ఇంతలో బోర్డు దగ్గరి పిల్ల తండ్రి ఊచల దగ్గరికి జరిగి, "కూసోండ్రి మేడం, మీరెందుకు లేస్తుండ్రు. పిల్లను చెప్పనియ్యిండ్రి, మంచిగ చెప్తుంది" అన్నాడు.

కరస్పాండెంట్ సారు రైతుల వైపు తిరిగి, ఇది మా బడిలో కొత్త పద్ధతి, పిల్లలతోనే పాఠం చెప్పిస్తం అన్నారు. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే నేనే నమ్మబోయాను.

సాయంత్రం మేడంనూ నన్నూ ఆఫీసుకు పిలిచారు. నన్నెందుకో వెళ్లాక తెలిసింది. సారు హుషారుగా ఉన్నారు. రైతులు యార్డులో పదిమందికి చెప్పుకున్నారట. ఈ పద్ధతి అన్ని క్లాసుల్లో పెడదామని, అందుకు తగ్గట్టు టైంటేబుల్ మార్చమని, వచ్చే ఏడు పాంప్లెట్‌లో కూడా వేద్దామని నాతో అన్నారు. పిల్ల బోర్డు దగ్గర చెప్తుంటే టీచర్ వెనక నిలబడి చూడాలన్నారు. నిలబడి అన్న మాట రెండుసార్లు అన్నారు.

మేడం అప్పటిదాకా తల ఊపుతూ విన్నారు. ఊరుకుంటే ఆ రోజుకు గండం గడిచేది. మెప్పు కూడా దక్కేది.

"పద్ధతి ఏం లేదు సార్" అన్నారు. "నిలబడలేక కూసున్న. కాళ్ల నరాలు ఉబ్బినయి. డాక్టరు నిలబడొద్దన్నడు."

"మరి చెప్పకపోతిరి?"

"చెప్తే జూన్ల పిలుస్తరా?"

సారు, తాను పదేళ్లు నిలబడి చెప్పిన సంగతి మళ్లీ మొదలుపెట్టబోయారు.

"అప్పుడు మీకు ముప్పై ఏండ్లుండె సార్" అన్నారు మేడం. "నాకిప్పుడు యాభై రెండు."

ఆ బడిలో ఆమె తన వయసు చెప్పడం అదే మొదటిసారి. మీటింగ్‌లో ఒడిలో పెట్టుకున్న చెయ్యి నాకు గుర్తొచ్చింది. నాకు కూడా నడుము నొస్తుంది సార్ అన్నాను. నా మాట అక్కడ పెద్దగా పనిచేసిందని చెప్పను. సారు నన్ను చూడనైనా చూడలేదు. ఆమెనే చూస్తున్నారు. ఆఖరికి, సరే పోండ్రి, ఇంటికి పోయే టైమైతుంది అన్నారు. అవుననలేదు, కాదనలేదు.

మిగిలిన ఆ వారమంతా మేడం ఎప్పటిలాగే వచ్చారు, ఎప్పటిలాగే చెప్పారు. ఇందల్వాయి వైపు ఒక బడిలో తెలుగుకు ఖాళీ ఉందేమో కనుక్కోమని నాతో ఒకసారి అన్నారు. బస్సులో నిలబడి అంత దూరం ఎలా పోతారని నేను అడగలేదు.

సోమవారం పొద్దున బడికి పోతే ప్రతి గదిలో బోర్డు పక్కన ఒక కుర్చీ ఉంది. కడిగి ఉంది. సర్క్యులర్ లేదు, ప్రార్థనలో మాట లేదు. ఆయమ్మను అడిగితే చెప్పింది, ఆదివారం సారే వచ్చి తాళం తీశారట, ఆమెతో కడిగించారట, ఒక్కొక్క దాంట్లో తాను కూర్చుని చూసి, కాలు ఊగేవి పక్కన పెట్టించారట. వెనక నిలబడి చూసే పద్ధతి గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేడంకు ఆ జూన్‌లో పిలుపు వచ్చింది. కూతురి చదువు అయిపోయాక కూడా, తానే చాలనుకునేదాకా, ప్రతి జూన్‌లో వచ్చింది.

కానీ ఆ సోమవారం కుర్చీలను చూసి మేమంతా ఏం చేశామో చెప్పాలి. ఏమీ చేయలేదు. తొమ్మిది నెలలు నిలబడిన అలవాటు, పైగా ఇది పరీక్షేమోనని అనుమానం. మొదటి పీరియడ్‌లో ఎవరూ కూర్చోలేదు. హిందీ సారు కుర్చీ మీద అటెండెన్స్ రిజిస్టర్ పెట్టి, దాని పక్కన నిలబడి పాఠం చెప్పాడు. నేను నా సంచి పెట్టాను.

రెండో పీరియడ్‌లో పార్టిషన్ అవతల మేడం తొమ్మిదో తరగతిలోకి వచ్చారు. గుడ్ మార్నింగ్‌లు అయ్యాయి. కుర్చీ కాళ్లు నేల మీద జరిగిన చప్పుడు, తర్వాత కూర్చున్న చప్పుడు వినిపించాయి. ఆ పిల్లలు ఏడాదంతా టీచర్ కుర్చీలో కూర్చోవడం చూడలేదు.  ఒక ఆడపిల్ల గొంతు భయంగా అడిగింది.

"మేడం, పానం బాగలేదా?"

"బాగనే ఉంది బిడ్డ. బాగుండాలెననే కూసున్న. పుస్తకం తియ్యిండ్రి."